నాన్న దారిచ్చిన రోజు

జనరల్ దిగొచ్చాడన్న కబురు చేరేసరికి మియెన్ చేతిలో తెడ్డు ఉంది. నువ్వుల జీళ్ళ పాకానికి ఓర్పు తక్కువ. కలుపుతూ ఉన్నంతసేపూ చెప్పినమాట వింటుంది, చెయ్యి ఆపామా, అడుగంటి పగ సాధిస్తుంది. అందుకే తమ్ముడు ఖాయ్ సిపాయి యూనిఫారంతోనే వీధిలోంచి అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చినా, ఆమె తల తిప్పలేదు.

"అక్కా! దిగొచ్చాడు! ఎన్నికలు పెడతాట్ట! రేడియోలో చెప్పారు!"

"ఎవరు దిగొచ్చాడ్రా? ఎక్కణ్ణించి?"

"అబ్బ, జనరల్ అక్కా! సైగాన్‌లో గద్దెక్కిన జనరల్! మిలిటరీ పక్కకి తప్పుకుంటుందట. మన ప్రభుత్వాన్ని మనమే ఎన్నుకోవచ్చట. భిక్షువులు అడిగినవన్నీ ఇచ్చేస్తానన్నాడు!"

అప్పుడు ఆగింది తెడ్డు. పదిహేనేళ్ళ వయసు నుంచీ ఆ పొయ్యి దగ్గరే నిలబడిన మనిషి, మొదటిసారి పాకాన్ని మాడగొట్టింది. నల్లగా పొగ లేచి గది నిండింది. ఆ పొగలో అక్కాతమ్ముళ్ళిద్దరూ దగ్గుతూ నవ్వుతూ నిలబడ్డారు. ఫిరంగులున్నవాడు, తలలు గొరిగించుకుని వట్టి చేతులతో కూర్చున్నవాళ్ళకి తలవంచడం హ్వే నగరంలో ఎవరూ చూడలేదు. విన్నది నిజమని నమ్మడానికే వాళ్ళకి కొంతసేపు పట్టింది.

పొగ చూసి పక్కింటి దొవాన్ పరిగెత్తుకొచ్చింది. ఏటి గుల్లల అన్నం అమ్ముకునే మనిషి. అన్నంలో వేసే పచ్చిమిరపకాయల కన్నా ఆమె నాలుకే కారమని వీధిలో పేరు.

"ఇల్లు తగలబెట్టుకుంటున్నారా, ఏమే?"

"జనరల్ దిగొచ్చాడు వదినా!" అన్నాడు ఖాయ్.

"ఓహో. పిల్లి తీర్థయాత్రకి పోతానంటే ఎలకలు దారిబత్తెం కట్టి ఇచ్చాయట. నువ్వేం కట్టిస్తున్నావురా, జీళ్ళా?"

"నీకన్నీ వెటకారమే. ఆయన దేశం మొత్తం వినేలా మాటిచ్చాడు."

"ఇచ్చాడులే. మెత్తగా అడిగేవాణ్ణీ, మెత్తగా ఇచ్చేవాణ్ణీ మీ నాన్న కూడా నమ్మాడు. కొట్టు ఏమయిందో మీ అక్కనడుగు."

మియెన్ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

వాళ్ళ నాన్న కొట్టు ఏటి ఒడ్డున, పెద్ద బజారు పక్కనే ఉండేది. ఆయన జీళ్ళు కొనకుండా ఊరు దాటే పడవ ఉండేది కాదు. ఒకనాడు దూరపు బంధువొకాయన వచ్చాడు. టీ తాగాడు. ఆరోగ్యాలు అడిగాడు. చేతులు జోడించి, కొత్త సంవత్సరం పండగ వరకూ ఆ కొట్టులో నా సరుకు పెట్టుకోనివ్వు అన్నయ్యా అన్నాడు. నాన్న సరేనన్నాడు. ఆ పండగా అయింది, ఆ తరవాతి పండగలూ అయ్యాయి. కొట్టు మాత్రం మళ్ళీ వాళ్ళ చేతికి రాలేదు. "దొంగొచ్చి దయచేసి అన్నా ఈయన తాళంచెవి తీసి చేతిలో పెడతాడు" అనేది అమ్మ. ఖాయ్ పుట్టిన నెలలోనే అమ్మ పోయింది. ఆ పసివాణ్ణి చంకన వేసుకుని మియెన్ పొయ్యి దగ్గర నిలబడింది. సంబంధాలొచ్చాయి, వెళ్ళిపోయాయి. కొన్నేళ్ళకి నాన్న కూడా జబ్బుపడి పోయాడు. పోయే ముందు ఆయన అన్న ఆఖరి మాట, ఎండలో అంత దూరం నడిపించినందుకు ఏమీ అనుకోవద్దని వైద్యుడితో.

ఇప్పుడాయన నడింట్లో పెద్దల పీఠం మీద, పటంలో ఉన్నాడు. పైన బుద్ధుడు, కింద తాత ముత్తాతలు, ముందు అమ్మా నాన్నా. పటాల ముందు అగరొత్తుల బూడిదతో నిండిన నీలిపూల పింగాణీ గిన్నె. ఆ గిన్నెలోనే పెద్దలు కూర్చుంటారు. దాన్ని కదిలిస్తే వాళ్ళని నిద్రలో లేపినట్టు. అందుకే దుమ్ము తుడిచేటప్పుడు కూడా మియెన్ గిన్నె చుట్టూ తుడిచేది గానీ గిన్నెను తాకేది కాదు. ఏదైనా కదిలించాలంటే పెద్దల్ని అడగాలి. ఒక వైపు సున్నం పూసిన రెండు పాత రాగినాణేలు పళ్ళెంలో వేయాలి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే సరే. రెండూ తెల్లగా పడితే పెద్దలు నవ్వుతున్నారని, మాట ఇంకా తేల్చలేదని. రెండూ నల్లగా పడితే వద్దని. మూడుసార్ల వరకూ అడగవచ్చు.

జనరల్ మాటిచ్చి నెల తిరిగేసరికే సైగాన్ సైన్యం విమానాల్లో వచ్చి పొరుగు నగరం దనాంగ్‌లో దిగింది. పగోడాల దాకా ట్యాంకులు వచ్చాయని, గుళ్ళోనే మనుషులు పడిపోయారని కబురొచ్చింది. ఆ మాట విన్న రోజు హ్వేలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. మాటిచ్చింది ఆయనే, పంపింది ఆయనే. ఈ రెంటినీ ఒక మనిషిలో కలిపి చూడడం జనానికి చేతకాలేదు. బజార్లో అమ్మేవాళ్ళు అమ్మడం మరిచి కూర్చున్నారు.

ఖాయ్ తుపాకీ అప్పజెప్పకుండా, భుజం మీది పట్టీ పీకేసి, తన జట్టుతో కలిసి వీధి చివరి పగోడాకి కాపలా వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఇంటికొచ్చాడు.

"రేపు పొద్దున ప్రతి ఇంటివాళ్ళూ పెద్దల పీఠం తెచ్చి రోడ్డు మీద పెట్టాలక్కా. పగోడా గురువుగారు చెప్పారు."

"రోడ్డు మీదా? నీకు మతి పోయిందా? కుక్కలు తిరిగే రోడ్డు మీద నాన్నని కూర్చోబెట్టమంటావా?"

"మన దగ్గర ట్యాంకులు లేవుగా. పెద్దలున్నారు. వచ్చేది కూడా మనవాళ్ళే కదా, వాళ్ళిళ్ళల్లోనూ పీఠాలున్నాయి. దాన్ని దాటి రాగలిగేవాడు ఈ దేశంలో పుట్టలేదు."

"పుట్టుంటే?"

ఖాయ్ తుపాకీ భుజానికి తగిలించుకుని గడప దాటాడు. తిరగబడ్డ సిపాయి దొరికితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వాళ్ళది వీధి మొదటి ఇల్లు, పగోడా వీధి చివర. లారీలు రావాలంటే మొదట మియెన్ గుమ్మం ముందు నుంచే రావాలి.

పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, బూడిద రంగు పగోడా దుస్తులు వేసుకుని, నాణేలు వేసింది. రెండూ నల్లగా పడ్డాయి. మళ్ళీ వేసింది. రెండూ తెల్లగా పడ్డాయి, నాన్న నవ్వాడు. "నాన్నా, ఖాయ్ కోసం" అని బతిమాలి మూడోసారి వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. గిన్నెను రెండు చేతులా ఎత్తినప్పుడు అంత తేలిగ్గా ఉందేమిటా అని ఆశ్చర్యపోయింది.

వీధిలోకి వచ్చి చూస్తే కాళ్ళు ఆగిపోయాయి. ఎర్రరంగువి, నల్లలక్కవి, పెట్టెచెక్కతో కొట్టినవి, ఏ ఇంటి స్తోమతును బట్టి ఆ పీఠం, రోడ్డు పొడుగునా కొలువుదీరాయి. వీధిలో చచ్చిపోయినవాళ్ళంతా పటాల్లోంచి ఎండలోకి చూస్తున్నారు. బతికున్నవాళ్ళ ముఖాల్లోనూ రక్తం లేదు. దొవాన్ మాత్రం తన మామగారి పటాన్ని సర్దుతూ అంది:

"మా మామా, మీ నాన్నా బతికుండగా మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు పక్కపక్కన కూర్చోబెట్టాం. ఇద్దరూ జుట్టు జుట్టు పట్టుకోకపోతే చాలు."

"మా నాన్న పట్టుకోడులే వదినా."

"అవును, పట్టుకోమని జుట్టిస్తాడు."

రోజులు గడిచాయి. వానొస్తే పటాల మీద తాటాకు టోపీలు పెట్టారు. మధ్యాహ్నం ఎవరింటి పీఠం దగ్గర వాళ్ళు కూర్చుని భోంచేశారు. ఒక అమెరికన్ జీపు వచ్చి, పీఠాలను చూసి, చాలాసేపు ఏమీ అర్థంకాక నిలబడి, వెనక్కి తిరిగిపోయింది. ఊరి పోలీసుల లారీ కూడా వచ్చి వెళ్ళిపోయింది. పగోడా నుంచి ఖాయ్ కబురు పంపేవాడు: చూశావా అక్కా, నేను చెప్పలేదూ? మియెన్‌కి మెల్లగా ధైర్యం వచ్చింది. ఎంత ధైర్యమంటే, ఒకరోజు నాన్న పటం ముందే కూర్చుని జీళ్ళు కోసి అమ్మింది.

సైగాన్ సైన్యం వచ్చింది మాత్రం ఒక ఎండపొద్దున.

వీధి మొగదల లారీలు వరసగా ఆగాయి. ఇనుప టోపీలు దిగాయి. ఆడవాళ్ళంతా ఎవరి పీఠానికి వాళ్ళు అడ్డంగా కూర్చున్నారు. మియెన్ కళ్ళు మూసుకుంది. తుపాకీ మడమ పీఠం మీద పడే చప్పుడు కోసం, గాజు పగిలే చప్పుడు కోసం ఎదురుచూసింది. అది జరిగితే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. మీద పడి చచ్చిపోవాలి. దానికి సిద్ధపడే కూర్చుంది.

చప్పుడు రాలేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక కెప్టెన్. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ముఖమంతా దుమ్ము. బూట్లు విప్పుతున్నాడు. విప్పి, వట్టి కాళ్ళతో ముందుకొచ్చి, పళ్ళెంలోంచి మూడు అగరొత్తులు తీసి వెలిగించి, నుదుటికి ఆనించుకుని, నాన్న పటానికి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాడు.

"మీ నాన్నగారా అక్కా?" అన్నాడు. ఉత్తరం వైపు పల్లెల యాస, ఇంట్లో మనిషి గొంతు.

"అవును."

"మా నాన్న కూడా ఇలాగే గడ్డం పెంచేవాడు." కెప్టెన్ పటం వంకే చూస్తున్నాడు. "మేం లోపలికి వెళ్ళాలక్కా. పెద్దాయన్ని బలవంతాన కదిపే పాపం నాకొద్దు. అడగండి. వద్దంటే బండ్లు తిప్పుకుని పోతాం. ఇంతమంది ముందు మాటిస్తున్నా."

తిట్టి ఉంటే మియెన్ తిరిగి తిట్టేది. నెట్టి ఉంటే కింద పడేది. ఇది దేనికిందా రాలేదు. దొవాన్ వెనక నుంచి అరిచింది.

"వెయ్యకే మియెన్! వాడితో నీకు లెక్కేమిటి?"

"అడిగితే తప్పేముంది పెద్దమ్మా?" అన్నాడు కెప్టెన్, ఆమెకి కూడా తలవంచి.

అసలు నాణేలు వేయడానికి మియెన్ భయపడలేదు, అదీ సంగతి. నాన్న కొడుకే ఉన్నాడు వీధి చివర. ఏ తండ్రయినా సరేనంటాడా? ఆమె నాణేలు తీసి కళ్ళకద్దుకుని వేసింది.

రెండూ తెలుపు.

"నవ్వాడు!" అన్నారెవరో. కెప్టెన్ కూడా కొంచెం నవ్వాడు. "ఇంకోసారి అక్కా."

రెండూ నలుపు.

వీధి ఒక్కసారి హోరెత్తింది. ఆడవాళ్ళు చేతులెత్తి బుద్ధుణ్ణి తలుచుకున్నారు. "వద్దన్నాడు! వద్దన్నాడు! విన్నావుగా, ఇంక దయచెయ్యి నాయనా!" అని దొవాన్ గంతులేసింది. వెనక నిలబడ్డ సిపాయిల్లో కొందరు నేలచూపులు చూశారు. ఒక కుర్రవాడు లారీ వైపు తిరిగిపోయాడు కూడా.

కెప్టెన్ కదలలేదు. చేతులు జోడించాడు.

"మూడుసార్లు అడగడం ఆనవాయితీ కదా అక్కా. దయచేసి."

"ఒకసారి వద్దన్నాక మళ్ళీ ఏంటే!" దొవాన్ గొంతు చీలిపోయింది. "లెయ్! లేచిపో అక్కణ్ణించి!"

లేవవలసింది. నాణేలు గుప్పిట్లో పెట్టుకుని లేచి లోపలికి పోతే సరిపోయేది. కానీ ఆ పొద్దున, నడింట్లో, వద్దన్న నాన్నని ఆమె కూడా మూడోసారి అడిగింది. తను అడగవచ్చు, ఇతను అడగకూడదు అని అనడానికి ఆమెకి నోరు రాలేదు. పైగా దయచేసి అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికీ నేర్పలేదు.

వేసింది.

ఒక నాణెం తెల్లగా ఆగింది. రెండోది అంచు మీద కాసేపు తిరిగి, నల్లగా పడింది.

దొవాన్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. మియెన్ పళ్ళెంలోకి చూసింది, పటంలోకి చూసింది. పటంలో నాన్న ఎప్పటిలాగే, మీరు ముందు వెళ్ళండి అన్నట్టు, వినయంగా చూస్తున్నాడు.

నలుగురు సిపాయిలు బూట్లు విప్పి వచ్చారు. పీఠాన్ని పెళ్ళిపల్లకీలా ఎత్తారు. గిన్నె ఒరగకుండా ఒకడు రెండు చేతులా పట్టుకున్నాడు. చూరు కింద నీడలో, ముఖం వీధి వైపు ఉండేలా దింపారు. చిటికెడు బూడిద కూడా రాలలేదు. కెప్టెన్ మళ్ళీ దణ్ణం పెట్టి బూట్లు తొడుక్కున్నాడు.

పిడుగు పడితే ఏడుస్తారు, వరదొస్తే పరిగెడతారు. ఇంత మర్యాదగా జరిగినదానికి ఏం చెయ్యాలో వీధిలో ఎవరికీ తెలియలేదు. మొదటి ఇంటి పెద్దాయనే దారిచ్చాక మనం అడ్డుపడితే ఎలా అనుకున్నారో ఏమో, ఒక్కొక్కరే లేచి ఎవరి పీఠం వాళ్ళే పక్కకి జరుపుకున్నారు. దొవాన్ మాత్రం జరపలేదు. సిపాయిలే జరిపారు, ఆమెకీ దణ్ణం పెట్టి.

లారీలు పగోడా వైపు వెళ్ళాయి. మియెన్ గుమ్మంలో నిలబడే ఉంది. అరుపులు వినబడ్డాయి, గంట ఎవరో ఆపకుండా కొట్టడం వినబడింది, కాసేపటికి గంట కూడా ఆగిపోయింది.

లారీలు తిరిగొచ్చేసరికి వాటి నిండా మనుషులు. బూడిద రంగు బట్టల్లో భిక్షువులు, చొక్కాలు చిరిగిన విద్యార్థులు, మొదటి లారీ అంచున, చేతులు వెనక్కి కట్టేసి ఖాయ్. కన్ను వాచి మూసుకుపోయింది. తెరిచి ఉన్న ఒక్క కన్నుతో గుమ్మం వెతుక్కున్నాడు. మలుపు దగ్గర లారీ నెమ్మదించింది.

"అక్కా! నీకేం కాలేదుగా? పీఠం పగలగొట్టారా? నాన్నని తొక్కి వచ్చారా వీళ్ళు?"

అవునంటే చాలు. అవునంటే వాడు తల ఎత్తుకుని పోతాడు, ఎక్కడికి తీసుకుపోయినా. మియెన్‌కి ఆ సంగతి తెలుసు. కానీ చూరు కింద పీఠం చెక్కుచెదరకుండా, అగరొత్తులు ఇంకా కాలుతూ, వాడికి ఎదురుగానే ఉంది.

"లేదురా. అడిగారు. నాన్న సరేనన్నాడు."

ఖాయ్‌కి వెంటనే అర్థం కాలేదు. పీఠం వంక చూశాడు, చెదరని గిన్నె వంక చూశాడు. వాచిన ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చి, సగంలో చచ్చిపోయింది.

"నాన్న సంగతి సరే. నువ్వేమన్నావు?"

ఆమె నోరు తెరిచింది. కొట్టు పోయిననాడు గానీ, సంబంధాలు వెనక్కి పోయిననాడు గానీ, ఈ పొద్దున గానీ, ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. తను కూడా వేసుకోలేదు. లారీ గేరు మార్చి కదిలింది. ఖాయ్ ముఖం చిన్నదవుతూ ఇంకా ఆమె వైపే తిరిగి ఉంది.

అప్పుడు పరిగెత్తింది మియెన్. చెప్పులు ఊడిపోయాయి. "వద్దు!" అని అరిచింది. పరాయి మనిషి గొంతులా ఉందది. "వద్దురా! నేను వద్దంటున్నాను! వద్దు!" లారీ అందలేదు. వంతెన వైపు తిరిగిపోయింది. ఖాయ్ విన్నాడో లేదో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు.

వెనక రెండో లారీ హారన్ మోగింది. ఆమె నడిరోడ్డు మీద, దానికి ఎదురు తిరిగి నిలబడింది. డ్రైవరు పక్కనుంచి కెప్టెన్ తల బయటికి పెట్టాడు.

"అక్కా, తప్పుకోండి. దయచేసి."

"వద్దు" అంది మియెన్.

"దయచేసి అక్కా."

"వద్దు."